వంటింటి శౌరమ్మ, మాట్లాడని ముగ్గురు సాములు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. మన ముసలోళ్లకి ముసలోళ్లున్నారు చూడండి, వాళ్లు మొలతాడుతో తిరిగే రోజులు. బస్సు లేదు, కరెంటు లేదు. రాళ్లమిట్టలో పొద్దెంతయిందో తెలియాలంటే సాములోరి బంగళా గంట వినాల్సిందే.

ఆ బంగళా మొదట తాటాకు పాక. దాన్ని గాలి ఎత్తుకుపోయింది. తర్వాత పెంకుటిల్లు. దాన్ని కోతులు పీకి పందిరేశాయి. మూడోసారి ఊరూ ఊరూ కలిసి బళ్ల మీద రాళ్లు తోలి మిద్దె కట్టారు. అది నిలబడింది. ముందు వరండా, వరుసగా గదులు, మధ్యలో పొడుగాటి బల్ల వేసిన అన్నాల గది. దాని వెనకాల వంటిల్లు.

అందులో ముగ్గురు కిరస్తానీ సాములుండేవోళ్లు.

పెద్దసామి పేరు బెర్నార్డుసామి. తెల్లాయన. ఓడెక్కి వచ్చాడు. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నాడు గాబట్టి పుస్తకం మాట్లాడినట్టే మాట్లాడేవాడు. గేదె అడ్డమొస్తే "ఓ మహిషమా, తొలగుము" అనేవాడు. గేదె తొలగేది కాదు.

నడిపిసామి పేరు రాయప్పసామి. సన్నగా చువ్వలా ఉంటాడు. ఒళ్లు కష్టపెట్టుకుంటే గానీ ఆయనకి నిద్ర పట్టదు. మంచం ఉన్నా నేల మీదే పడుకుంటాడు.

చిన్నసామి పేరు ఇన్నయ్యసామి. మనోడే. మిరపచేల మధ్య పుట్టి పెరిగినోడు. సాములయ్యేవోళ్లు చదివే గురువుల బడిలో చదువు పూర్తి చేసుకుని, కొత్తగా వచ్చాడు.

పొద్దున గంట కొడితే ముగ్గురూ గుళ్లో పూజ చేసేవోళ్లు. మధ్యాహ్నం గంట కొడితే అన్నానికి కూర్చునేవోళ్లు. సాయంత్రం గంట కొడితే వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి జపం చదువుకుంటా తిరిగేవోళ్లు. మధ్యలో చావు కబురొస్తే ఒకరు పరిగెత్తాలి, తగాదా వస్తే ఒకరు తీర్చాలి. సన్నాసుల బతుకు గదా, దేనికైనా నియమం ఉండేది. అన్నానికి మూడు నియమాలు.

ఒకటి, తినేటప్పుడు మాట్లాడకూడదు. ఊళ్లో జపాలు నేర్పే ఉపదేశి ఓ పక్కన నిలబడి పునీతుల చరిత్ర చదువుతుంటాడు, వింటా తినాలి. రెండు, పళ్లెంలో మెతుకు మిగల్చకూడదు. మూడు, వంట బాగుందని అనకూడదు, బాగోలేదనీ అనకూడదు. పెట్టింది తినాలి, లేవాలి.

ఇంక వండేది ఎవరంటే, శౌరమ్మ.

శౌరమ్మకి ముందూ లేరు, వెనకా లేరు. మొగుడు ఏడాదికే పోయాడు. పిల్లల్లేరు. బంగళా వంటింటి పక్కనే చిన్న గది, ఆ గదే ఆమె ఇల్లు. ఆడమనిషి అన్నాల గదిలోకి పోగూడదు గాబట్టి గోడలో ఓ చిన్న కిటికీ పెట్టారు. శౌరమ్మ ఇటునుంచి గిన్నెలు పెట్టుద్ది. ఉపదేశి అటునుంచి అందుకుంటాడు. తిన్నాక పళ్లేలు మళ్లీ ఆ కిటికీలోంచే వస్తాయి. ఇరవై ఏళ్లు వండిందే గానీ, ఆ సాములు తింటుంటే వాళ్ల మొహాలు ఆమె చూసెరగదు. చూసేదల్లా పళ్లేలే.

పళ్లేలు ఖాళీగా వచ్చేవి. శౌరమ్మ కడుపు నిండేది.

"నాకు పొగడ్త ఎందుకమ్మా," అనేది బావి దగ్గర ఆడోళ్లతో. "మా సాములు పళ్లెం నాకినట్టు పంపిస్తారు. మీ మొగుళ్లు పంపిస్తారా?"

ఒక ఏడు విషజ్వరం వచ్చింది. ఊళ్లో సగం మంది మంచమెక్కారు. శౌరమ్మ కూడా మూడు వారాలు పడుకుంది. ఉపదేశి భార్య గంజి పోసింది. జ్వరం పోయింది గానీ, పోతా పోతా శౌరమ్మ నాలుకని పట్టుకుపోయింది.

ఉప్పు లేదు. కారం లేదు. పులుపు లేదు. చింతపండు నోట్లో పెట్టుకుంటే పీచు నమిలినట్టుంది.

పది రోజులు చూసింది, ఇరవై రోజులు చూసింది. రుచి రాలేదు. ఎవరికన్నా చెబుదామా అనుకుంది. చెబితే ఏమవుద్ది? నాలుక లేని వంటమనిషిని ఎవరు పెట్టుకుంటారు? ఇంకొకర్ని తెస్తారు. ఆ వచ్చినామెకి ఈ గది కావాలి. మరి నేనెక్కడికి పోవాలి?

"నాలుక పోతే పోయింది," అనుకుంది. "నా చేతికి తెలవదా, ఎంతెయ్యాలో?"

చేత్తోనే కొలిచి వేసింది. కిటికీలో పెట్టింది. గోడకి చెవి ఆనించి నిలబడింది. అవతల చెంచాల చప్పుడు, ఉపదేశి గొంతు, అంతే.

పళ్లేలు ఖాళీగా వచ్చాయి. శౌరమ్మ కడుపు నిండింది.

అయితే చెయ్యి ఉంది చూశారూ, దానికి నాలుక తోడు లేకపోతే అది ఉన్నచోట ఉండదు. ఇవాళ చిటికెడు ఎక్కువ పడిద్ది. ఎవరూ ఏమీ అనలేదు గదా, రేపు అదే కొలత అయిపోద్ది. ఎల్లుండి ఇంకో చిటికెడు. అట్టా మొదటేడు ఉప్పు పెరిగింది. రెండో ఏడు కారం పెరిగింది. మూడో ఏడు పులుపు పెరిగింది. మూడూ కలిసి ఆ పప్పుచారు నోట్లో పెట్టుకుంటే చెవుల్లో గంట మోగేది.

ఒక్కరన్నా నోరు విప్పితేగా!

పెద్దసామి ఏమనుకున్నాడంటే, తెలుగోళ్ల వంట ఏటేటా ఇట్టాగే ఘాటెక్కుద్దేమో, అలవాటు చేసుకోవాలి అనుకున్నాడు.

నడిపిసామి ఏమనుకున్నాడంటే, నా పాపాలకి దేవుడు పంపిన శిక్ష ఇది, వదులుకోకూడదు అనుకున్నాడు. ఇంకొంచెం వడ్డించుకునేవాడు.

చిన్నసామికి మాత్రం తెలుసు. మొదటి ముద్దకే తెలిసింది. కానీ పెద్దోళ్లిద్దరూ కిక్కురుమనకుండా తింటుంటే, నిన్నగాక మొన్నొచ్చినోడు నియమం తప్పుతాడా? పాపం, పల్లెలకి పూజ చెప్పటానికి పోయినప్పుడు ఎవరన్నా ఉత్త మజ్జిగన్నం పెడితే కళ్లు మూసుకుని తినేవాడు. "ఎంత భక్తో చూడండి, ముద్ద ముద్దకీ దేవుణ్ణి తలుచుకుంటన్నాడు," అని జనం చెప్పుకునేవోళ్లు.

ఇంక ఉపదేశి సంగతి. ఆయన భోజనం ఇంటి దగ్గర, ఇక్కడ చదవటమే. దేవుడి కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షుల కథ చదువుతుంటే ముగ్గురి కళ్లల్లోనూ నీళ్లు బొటబొటా కారేవి. ఉపదేశి ఉబ్బిపోయేవాడు. ఇంటికి పోయి పెళ్లాంతో, "నా గొంతులో ఏదో మహిమ ఉందే," అనేవాడు.

ఇట్టా మూడేళ్లు గడిచాయి. ముగ్గురు సాములూ చిక్కిపోయారు. బంగళా బావిలో నీళ్లు కూడా తగ్గాయంటారు, అంత తాగారు మరి.

అంతలో కబురొచ్చింది. గుడి పండక్కి మేత్రాణులవారు వస్తన్నారు. మేత్రాణులంటే సాములందరికీ పెద్ద. ఆయనతో పాటు పన్నెండు విచారణల సాములు, అంటే చుట్టుపక్కల గుళ్ల సాములు, ఊరి పెద్దలు. అందరికీ బంగళాలోనే భోజనం. వండేది శౌరమ్మే.

శౌరమ్మ పొంగిపోయింది. "నా చేతి వంట మేత్రాణులవారు తింటారంట," అని బావి దగ్గర చెప్పింది.

ఇన్నయ్యసామికి మాత్రం దిగులు పట్టుకుంది. ఊరి పెద్దలకి నియమమేముంది? మొదటి ముద్దకే ఊసేస్తారు. నిండు పంక్తిలో, పండగ పూట, శౌరమ్మకి తల కొట్టేసినట్టు అయిపోద్ది. తర్వాత ఆమెని ఉంచుతారా? చెప్పటానికేమో నోటికి తాళం. నాలుగో రోజుకే పండగ.

మొదటి రోజు వంటింటి గుమ్మం దగ్గరకి పోయి నిలబడ్డాడు.

"శౌరమ్మా, నువ్వు తిన్నావా?"

"ఇప్పుడే తిన్నా సామీ."

"అదే, మేం తిన్నదే తిన్నావా?"

"మీకొకటి నాకొకటి వండుకుంటానా సామీ? అంత మాటన్నారేంది!"

తల గోక్కుంటా వచ్చేశాడు.

రెండో రోజు కిటికీ ముందు నిలబడి, ఆమె చూస్తుండగా ఓ చెంబెడు నీళ్లు తాగాడు. ఇంకో చెంబు తాగాడు. మూడో చెంబూ తాగాడు.

"ఎండలు సామీ," అంది శౌరమ్మ. "రేపు చారులో ఇంకొంచెం పులుపు వేస్తాలే, చలవ చేసుద్ది."

దేవుడా, అనుకుని వచ్చేశాడు.

మూడో రోజు ఆలోచించాడు. మాట్లాడితే ఒక నియమం తప్పినట్టు. వదిలేస్తే ఇంకో నియమం తప్పినట్టు. ఏదో ఒకటి తప్పాలి. కళ్లు మూసుకుని సిలువ గుర్తు వేసుకుని, పళ్లెంలో సగం గోంగూర, సగం అన్నం అట్టాగే వదిలేసి లేచాడు.

కిటికీలోంచి మూడు పళ్లేలొచ్చాయి. రెండు ఖాళీ. మూడోదాంట్లో అన్నం.

శౌరమ్మ ఆ పళ్లెం వంక చూస్తా నిలబడిపోయింది. ఇరవై మూడేళ్లలో ఆ కిటికీలోంచి మెతుకు తిరిగి రాలేదు. "చిన్నసామికి ఒంట్లో బాలేదేమో," అనుకుంది. పారెయ్యటానికి మనసు రాలేదు. అప్పుడే కట్టెల మోపు దించి చెమట తుడుచుకుంటున్నాడు బాలశౌరి. ఊళ్లో ఇళ్లన్నిటికీ కట్టెలు కొట్టేది అతనే.

"తమ్ముడూ, సాములోరి అన్నం. ఇంత తిని పో."

"నాకా అక్కా? పుణ్యం!" అని చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు. ఓ పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

లేచాడు. వంటింటి వెనక్కి పరిగెత్తాడు. ఊసిన చప్పుడు వినపడింది. తొట్లో మూతి పెట్టి గేదెలా తాగిన చప్పుడు వినపడింది.

"ఏంట్రా, పురుగేమన్నా వచ్చిందా?"

"పురుగా? పురుగు బతికిద్దా అందులో!" అన్నాడు బాలశౌరి, మూతి తుడుచుకుంటా. "సముద్రం ఎక్కడో దూరాన ఉందంటే నమ్మా గదక్కా. నీ చట్టిలో పెట్టుకుని కూర్చున్నావే! ఏం, సాముల మీద పగబట్టావా?"

శౌరమ్మ నవ్వలేదు. గోంగూర గిన్నె తెచ్చింది. పప్పు తెచ్చింది. చారు తెచ్చింది. "ఇది చూడు. ఇది చూడు. ఇది కూడా చూడు తమ్ముడూ."

అతను వేలి కొసతో మూడూ చూశాడు. ఆమె మొహం చూసి ఎగతాళి మానేశాడు.

"ఇయ్యాలే చెయ్యి తప్పిందేమోలే అక్కా," అన్నాడు నెమ్మదిగా.

"ఇయ్యాల కాదు," అంది శౌరమ్మ. "రోజూ అంతే వేస్తన్నా."

బాలశౌరి పోయాక ఆమె పొయ్యి ముందు కూలబడింది. ఎన్నాళ్లయిందో లెక్కేసుకుంది. మూడేళ్లు. రోజుకి ముగ్గురు. ఒక్కళ్లు ఒక్క మాట అనలేదు. సిగ్గేసింది. ఇంకేం చేస్తది? రెండు చీరలు, ఒక జపమాల, మొగుడి తువ్వాలు మూట కట్టుకుంది.

సాయంత్రం గంట కొట్టారు. సాములు ముగ్గురూ వరండాలో జపం చదువుకుంటా తిరుగుతున్నారు. శౌరమ్మ మెట్ల కింద మూట పెట్టి నిలబడింది.

"పెద్దసామీ, నేను పోతన్నా."

"ఎచ్చటికి?" అన్నాడు పెద్దసామి.

"ఎక్కడికో నాకూ తెలవదు. జ్వరమొచ్చినప్పటి నుంచీ నాకు నాలుక లేదు సామీ. రుచి తెలవదు. చెబితే పొమ్మంటారని దాచా. మూడేళ్లు మీ కడుపులు తగలబెట్టా. మేత్రాణులవారికి ఆ పాపం చెయ్యలేను. రేపటికి ఎవర్నన్నా చూసుకోండి."

ముగ్గురూ ఆగిపోయారు. జపం పుస్తకాలు మూతపడ్డాయి.

"అట్లయిన," అన్నాడు పెద్దసామి మెల్లగా, "ఆంధ్రుల వంట ఇట్లుండదా?"

"ఇట్టా ఉంటే ఆంధ్రులు ఎప్పుడో చచ్చుండేవోళ్లు సామీ," అన్నాడు ఇన్నయ్యసామి.

"నేను తపస్సు అనుకున్నా," అన్నాడు రాయప్పసామి. ఆయన మొహం చూస్తే, తపస్సు చేతిలోంచి జారిపోయినందుకు దిగులు పడ్డట్టే ఉంది.

ముందు ఇన్నయ్యసామికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. తర్వాత రాయప్పసామి భుజాలు కదిలాయి. తర్వాత పెద్దసామి, తెల్ల గడ్డం ఊగేట్టు నవ్వాడు. మెట్ల కింద శౌరమ్మ ఒక్కతే నవ్వలేదు. అది చూసి వాళ్లూ మానేశారు.

పెద్దసామి మెట్లు దిగొచ్చాడు.

"శౌరమ్మా. నీవు మాకు ఇరువది మూడేండ్లు అన్నము పెట్టితివి. మేము నీకు ఒక్క మాటైనను పెట్టమైతిమి. తప్పు నీదా, మాదా?"

శౌరమ్మకి అప్పుడు ఏడుపొచ్చింది.

"మరి నియమం సామీ?" అన్నాడు రాయప్పసామి.

పెద్దసామి గడ్డం నిమురుకున్నాడు. "నియమమున ఏమి వ్రాయబడినది? బల్ల యొద్ద వంటను గూర్చి మాటలాడరాదు. వంటిల్లు బల్ల కాదు గదా." మూట తీసి ఆమె చేతికిచ్చాడు. "ఇది లోపల పెట్టుము. నీకు చేతులున్నవి. మాకు నాలుకలున్నవి. మూడు!"

పండగ రోజు తెల్లారింది. గాడిపొయ్యిలు వెలిగాయి. శౌరమ్మ వేట మాంసం వండింది, పప్పుచారు పెట్టింది, గోంగూర నూరింది. ఒక్కోటీ దించే ముందు గుమ్మం దగ్గరకి గరిటె తెచ్చేది. ముగ్గురు సాములూ వరసగా అరచేతులు చాపేవోళ్లు. చేతికో చుక్క వేసేది.

పెద్దసామి నాకి, "దివ్యము," అనేవాడు. ఏదిచ్చినా దివ్యమే. మూడేళ్లు ఆ తిండి తిన్న నాలుక, ఇంకేం తెలుస్తది?

రాయప్పసామి నాకి, "కారం ఎక్కువ," అనేవాడు. ఆయనకి నీళ్లు కూడా కారమే.

ఇన్నయ్యసామి నాకి, నోట్లో అటూ ఇటూ తిప్పి, "ఇంకో చిటికెడు ఉప్పు," అనేవాడు. "ఊహూ, ఇంకొంచెం. ఆ! సరిపోయింది శౌరమ్మా."

శౌరమ్మ మొదటిద్దర్నీ దణ్ణం పెట్టి పంపించింది. మూడో ఆయన్ని మధ్యాహ్నం దాకా వదల్లేదు.

గంట కొట్టారు. మేత్రాణులవారు, పన్నెండు విచారణల సాములు, ఊరి పెద్దలు బల్ల చుట్టూ కూర్చున్నారు. పండగైనా నియమం నియమమే. మాట లేదు. ఉపదేశి గొంతు సవరించుకుని వేదసాక్షి కథ మొదలుపెట్టాడు. చదివాడు, చదివాడు. రంపంతో కోసే చోటికొచ్చి ముగ్గురు సాముల వంక ఆశగా చూశాడు. ఒక్కరి కంట్లో చుక్క లేదు. హాయిగా తింటన్నారు. పాపం ఉపదేశి ఆ రోజు నుంచీ మళ్లీ కోలుకోలేదంటారు.

గోడకి ఇటుపక్క శౌరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. చెంచాల చప్పుడు. గిన్నెల చప్పుడు. మాట లేదు. ఎవరన్నా ఊసిన చప్పుడు వస్తదేమోనని చెవులు రిక్కించింది. రాలేదు. కానీ రాకపోతే మాత్రం? మూడేళ్లూ రాలేదు గదా.

అప్పుడు కిటికీ చీకటైంది. ఎవరో అడ్డమొచ్చారు. ఉపదేశి చెయ్యి కాదు. వేలికి ఎర్రరాయి ఉంగరం ఉంది. ఆ చేతిలో ఖాళీ పళ్లెం ఉంది.

"ఆ మాంసం ఇంకొంచెం ఉందా అమ్మా?" అన్నారు మేత్రాణులవారు, ఎవరికీ వినపడకుండా. "చాలా బాగుంది."

శౌరమ్మ గరిటె అందుకుంది. గిన్నెడు బోర్లించింది. ఆయన చాలు చాలంటున్నా ఇంకో గరిటె వేసింది.

ఆ తర్వాత శౌరమ్మ ఇంకా పన్నెండేళ్లు ఆ వంటింట్లోనే వండింది. రోజూ గంట కొట్టే ముందు ఒక సామి గుమ్మం దగ్గరకొచ్చి చెయ్యి చాపేవాడు. బాగుంటే బాగుందనేవాడు, లేకపోతే లేదనేవాడు. చిత్రమేంటంటే, "ఇయ్యాల చారు బాలేదు శౌరమ్మా," అన్న రోజునే ఆమె మొహం ఎక్కువ వెలిగేది. "చెప్పారు గదా సామీ, అంతే చాలు," అని పాట పాడుకుంటా మళ్లీ పొయ్యి ఊదేది. నాలుక మాత్రం తిరిగి రాలేదు. దాన్ని గురించి ఆమె మళ్లీ దిగులూ పడలేదు.

ఒక వానాకాలం పొద్దున పొయ్యి వెలిగించి, పక్కనే ఒరిగి, నిద్దట్లో పోయినట్టు పోయింది. అప్పటికి పెద్దసామి ఇన్నయ్యసామే. ఆమెని సాముల సమాధుల పక్కనే పెట్టించాడు. వద్దన్నోడు లేడు.

కొత్తగా రూబేనని ఒకాయన వంటకి వచ్చాడు. మొదటి రోజే ఇన్నయ్యసామి గుమ్మం దగ్గరకొచ్చి అరచెయ్యి చాపాడు. చుక్క నాకి, "సరిపోయింది శౌరమ్మా," అన్నాడు.

"నా పేరు రూబేను సామీ."

"తెలుసులే నాయనా," అన్నాడు ఇన్నయ్యసామి.

అది అట్టాగే ఉండిపోయింది. ఇప్పటికీ రాళ్లమిట్ట బంగళాకి కొత్త సామి ఎవరొచ్చినా, గది చూపించే ముందు వంటింటి గుమ్మం చూపిస్తారు. చెయ్యి చాపాలి, చూడాలి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, చివర శౌరమ్మా అనాలి. వండింది మీసాలాయనైనా సరే.

ఊళ్లోనూ అంతే. పెళ్లి పంక్తిలో ఎవడన్నా తల వంచుకుని గమ్మున మింగుతుంటే వడ్డించే ఆడోళ్లు ఊరుకోరు. గరిటె నడుముకి ఆనించి, "ఏం బావా, బంగళాసామివా? నోట్లో నాలుక లేదా? ఉప్పెక్కువైతే ఎక్కువైందని ఏడువు!" అంటారు. వాడు ఏదో ఒకటి అనేదాకా పక్క విస్తరికి పోరు. అలిగిన కొత్త పెళ్లికొడుకులే అక్కడ నోరు విప్పారు, తెలుసా?

ఇదీ శౌరమ్మ సంగతి. నా కథ ఉడికింది, దించేశాను. ఇంక లేవండి, ఇంట్లో అన్నానికి పిలుస్తన్నారు. మొదటి ముద్ద మింగి ఊరుకోమాకండి. పొయ్యి దగ్గర ఒక మనిషి నిలబడి ఉంటది.